24 గంటల పిచ్చి

మళ్ళీ అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, వచ్చి వెళ్ళింది. బెంగళూరులో మారతహళ్ళి నుంచి సర్జాపుర రోడ్డు దాకా ఏ టెక్ పార్కులో చూసినా ఆకుపచ్చ బెలూన్లే. లిఫ్టులో ‘మనసు విప్పి మాట్లాడండి’ అని పోస్టరు. మా ఆఫీసులో ఈ ఏటి ప్రత్యేక ఆకర్షణ కుక్కపిల్లలు. డజను పిల్లల్ని బుట్టల్లో తెచ్చి, మనిషికి పది నిమిషాల చొప్పున ఒళ్ళో పెట్టారు. నా వంతుకొచ్చిన పిల్ల నా ఐడీ కార్డు తాడు నమిలి నిద్రపోయింది. దాని మానసిక ఆరోగ్యం భేషుగ్గా ఉంది.

అదే వారం హెచ్ఆర్ నుంచి ఇంకో మెయిలు. మన గ్రూపు ఆరోగ్య బీమాలో ‘ఇకపై మీ మనసుకూ కవచం’ అట. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టి, తర్వాత పాలసీ పత్రం తెరిచి చదివాను. పాలసీ పత్రం చదివేవాణ్ణి ఆఫీసులో ఎలా చూస్తారంటే, గుడిలో ప్రసాదం తినేముందు వాసన చూసేవాణ్ణి చూసినట్టు.

కవచం నిజంగానే ఉంది. చిన్న షరతు: ఆసుపత్రిలో చేరి కనీసం 24 గంటలు ఉండాలి. చేరకుండా చేయించుకున్న వైద్యానికి వర్తించదు.

జబ్బు ముదిరితే ‘మంచం పట్టాడు’ అంటాం మనం. బీమా వాళ్ళు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నారు. మంచం పడితేనే జబ్బు. అదీ ఆసుపత్రి మంచమే అయ్యుండాలి. అదీ నిన్న తొమ్మిదింటికి ఎక్కితే ఇవాళ తొమ్మిదింటి దాకా దిగకూడదు.

కాబట్టి బెంగళూరులోని దిగులు మనుషులందరికీ మనవి. దయచేసి టైము పాటించండి. ఇరవై మూడు గంటల యాభై నిమిషాలకే మనసు కుదుటపడిందా, తప్పు మీదే. డాక్టరు వచ్చి ఇంటికెళ్ళొచ్చు అంటే, ‘ఇంకో పది నిమిషాలు దిగులుగా ఉంటానండీ’ అని బతిమాలుకోండి.

గుండె దడదడలాడి, ఊపిరందక, చచ్చిపోతున్నానేమో అనిపించే పానిక్ అటాక్ సాధారణంగా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇంత తొందరపాటు జబ్బును బీమా కంపెనీ ఎలా నమ్ముతుంది? కొంచెం ఓపిక పట్టమనండి దాన్ని. రేపు ఇదే వేళ దాకా.

ఈ మాటే మా హెచ్ఆర్ అమ్మాయితో అంటే, ‘షుగరుకూ అంతే కదా సార్, ఓపీడీ ఎవరికీ లేదు, అందరూ సమానమే’ అంది. సమానమా? కంటి శుక్లాల ఆపరేషను గంటలో అయిపోతుంది. డయాలిసిస్ నాలుగు గంటలు. కీమో ఒక పూట. వైద్యం మారింది, మంచం అవసరం తగ్గింది, వాటికి 24 గంటల నియమం ఎత్తేసి ‘డే కేర్’ అని పేరు పెట్టి డబ్బు కడుతున్నారు. ఎత్తేయలేని నియమమేం కాదది. మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం శిలాశాసనం.

ఇంకో ముచ్చట చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 18వ సెక్షన్ ఏమంటుందంటే, వైద్యం సాధ్యమైనంత వరకు రోగి ఇంటికి దగ్గర్లో, తన మనుషుల మధ్యే జరగాలి. దీర్ఘకాలం ఆసుపత్రిలో ఉంచడం తప్పనిసరి పరిస్థితుల్లోనే. మూడు సెక్షన్లు దాటితే 21(4): ఒంటి జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలి. ఊరికే చేర్చకండి అని చట్టం. చేరితేనే డబ్బు అని పాలసీ. మధ్యలో రోగి.

ఆ రోగి నాకు తమ్ముడు, హిందూపురం పిన్ని కొడుకు. బైపోలార్. తొమ్మిదేళ్ళలో ఆసుపత్రిలో చేరింది ఒక్కసారి. మిగతాదంతా బయటి వైద్యమే. రోజూ మాత్రలు, లిథియం ఎంత ఉందో చూసే రక్తపరీక్షలు, కౌన్సెలింగు. ఉద్యోగం చేస్తున్నాడు, ఈఎంఐ కడుతున్నాడు. మళ్ళీ చేరాల్సిన అవసరం రాకుండా ఇన్నేళ్ళు నిలబడ్డాడు. ఆ నిలబడటానికి అయిన ఖర్చులో బీమా ఇచ్చింది సున్నా. పడిపోతే ఇస్తారట.

వాడికి విడిగా పాలసీ తీసుకుందామని వెళ్తే ఏజెంటు దరఖాస్తులో ఒక గడి మీద వేలు పెట్టి, ‘ఇది ఖాళీగా వదిలేయండి సార్, మీ మంచికే చెప్తున్నా’ అన్నాడు. మానసిక జబ్బు ఉందా అని అడిగే గడి అది. పిన్ని ఊరుకోలేదు. ‘దాచేదేముంది నాయనా? వాడేమన్నా దొంగతనం చేసినాడా?’ అని నిజం రాయించింది. దరఖాస్తు తిరస్కరించారు. రాయకపోయుంటే రేపు క్లెయిమ్ దగ్గర ‘వాస్తవం దాచారు’ అని తిరస్కరించేవాళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, చేతిలో బ్రోచరు.

ఇక వ్యంగ్యం నా వల్ల కాదు. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అదే ఏడాది ఆగస్టు 16న పాటించండని బీమా నియంత్రణ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది. 2020లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన ఒక పాలసీ విలువ 35 లక్షలు. అందులో మానసిక జబ్బుకు పరిమితి 50 వేలు! కోర్టు తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీల్లోనూ కవరేజి ఉందని నిర్ధారించమని నియంత్రణ సంస్థ మళ్ళీ చెప్పింది. ఒక్క వాక్యం పాటించమని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే. మన ఊరి చాకలి పద్దయినా ఇన్నేళ్ళు సాగదు.

అమెరికాలోనూ ఈ సమానత్వం దయతో రాలేదు. కుటుంబాలు దశాబ్దాలు పోరాడితే, 2008లో సమాన బీమా చట్టం బ్యాంకుల్ని ఆదుకునే బిల్లు తోక పట్టుకుని గట్టెక్కింది.

ఇక్కడా అడుగుతున్నది ఇళ్ళవాళ్ళే. బెంగళూరులో యాక్షన్ ఫర్ మెంటల్ ఇల్‌నెస్ లాంటి సంఘాలు పెట్టుకుని ఏళ్ళుగా హక్కుల కోసం తిరుగుతున్నది సెలబ్రిటీలు కాదు, ఒక చేత్తో మందుల సంచీ పట్టుకున్న అమ్మానాన్నలు. ఈ ఊరి దీపికా పదుకోణె 2015లో తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పింది, ధైర్యమే. ఆ ధైర్యాన్ని పోస్టరు చేసుకున్న కంపెనీలకే అది అంటలేదు.

ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ సర్వే 2016లోనే చెప్పింది: రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని. హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’, ఇక్కడ ‘నిమ్హాన్స్‌లో చేర్పించాలి’ అని జోకులేసేవాళ్ళు కోకొల్లలు. పంపేవాళ్ళే అందరూ, బిల్లు కట్టేవాడు లేడు.

‘మాట్లాడండి’ అంటారు. కౌన్సెలర్ ముందు గంటసేపు మాట్లాడటమే వైద్యం. ఆ గంటకు డబ్బు కట్టనివాడికి ‘మాట్లాడండి’ అనే హక్కెక్కడిది?

హెచ్ఆర్ మెయిలుకు జవాబు రాశాను: వచ్చే ఏడాది కుక్కపిల్లలు వద్దు, ఆ డబ్బు పెట్టి గ్రూపు పాలసీకి ఓపీడీ కవరు కొనండి, పాలసీలు అమ్మేవాళ్ళు దాన్ని అదనంగా అమ్ముతూనే ఉన్నారు.

గంటలో జవాబు వచ్చింది. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు సార్. వచ్చే ఏడాది కుందేళ్ళు అనుకుంటున్నాం.’