నేను చచ్చినా నా విషం చావదు

శాస్త్రజ్ఞులు నన్ను ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అంటారు. మీ పిట్లం ఊరి కళ్లాల్లో నా పేరు ఉత్త బూజు. మట్టిలో, చొప్పలో, గాలిలో ఎప్పుడూ ఉంటాను. పురుగు తొలిచిన చోటో, నూర్పిడిలో పగిలిన చోటో దొరికితే మక్కగింజలోకి దిగి, మొలక ఉండే మెత్తని భాగం మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా తేలుతాను. మీ కంటికి ఆనేది ఆ పొడే. అసలు ప్రమాదం నేను విడిచే, కంటికి ఆనని అఫ్లటాక్సిన్ అనే విషంలో ఉంది. అందుకే నన్ను దులపడం కాదు, నాకు తడి దొరక్కుండా చూడడమే మందు అంటాను.

1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చాక, వాటి దాణాలోని వేరుశనగ చెక్కలో నా విషం బయటపడింది. 1974లో మనుషుల వంతు వచ్చింది. మీ బాన్సువాడలో కాదు, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడాలో, పక్కనే గుజరాత్‌లోని పంచమహల్‌లో. అకాల వానకు తడిసి బూజెక్కిన మక్కలు తిన్న 397 మందికి కామెర్లు వచ్చాయి, కడుపులో నీరు చేరింది. 106 మంది పోయారు. ఇంటి కుక్కలూ చచ్చాయి. ఆ గింజల్లో నా విషాన్ని పట్టుకున్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే.

కడిగి ఉడికిస్తే పోదా అంటారు. నేను పోతాను, నీళ్లు మరిగే వేడికి నా విషం చాలావరకు చెక్కుచెదరదు. బర్రెకు వేస్తే సరి అంటారు. ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. తాతల నాటి నుంచీ తింటున్నాం, ఏమైందంటారు. ఒక్కసారిగా చంపేంత మోతాదు అరుదే. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లో పడితే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. కోతల వేళ వాన పడితే రైతేం చేస్తాడన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. టార్పాలిన్లు, ఆరబెట్టే గచ్చు, డ్రయ్యర్లు ఊరికి లేకుండా తప్పంతా అతని మీద వేయడం తగదు. అయితే కొనుగోలు కేంద్రంలో తేమ 14 శాతం దాటకూడదని మిషన్ పెట్టి చూస్తారు. ఇంట్లో దాచుకునే గింజకు, కోళ్లకూ బర్రెకూ పెట్టే గింజకు ఆ కొలత ఎవరు చూస్తున్నారు? అమ్ముడుపోని తడి గింజ చివరికి చేరేది ఆ ఇంటి గంపలోకే. అమ్మే గింజకున్న పట్టింపు తినే గింజకూ ఉండాలి. పంటికింద పటుక్కుమనేదాకా ఎండిన గింజలో నేను పెరగలేను.