రిజిస్టర్‌లో పట్టని వరద

నా పేరు మాస్మ్. పూర్తిగా చెప్పాలంటే మైక్రోసాఫ్ట్ మాక్రో అసెంబ్లర్. పుట్టింది 1981లో. మూవ్, యాడ్, జంప్ అంటూ మనిషి రాసిన మాటల్ని ప్రాసెసర్‌కి తెలిసే అంకెలుగా మార్చడం నా పని. బెజవాడలో కానూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటున్నాను.

ఇక్కడ నాకు రెండు బతుకులు. పాతది డాస్‌లోది. పిల్లలు 8086 ప్రోగ్రాం రాసి, మాస్మ్ అని కొట్టి, లింక్ అని కొట్టి, డీబగ్‌లో ఒక్కో ఆజ్ఞనూ నడిపించి చూసేవారు. ఆ 16 బిట్ రూపం 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు కనుక, డాస్‌బాక్స్‌లో ఫోల్డర్ మౌంట్ చేసి నడిపిస్తారు. కొత్త బతుకు విజువల్ స్టూడియోలో. సీ ప్లస్ ప్లస్ భాగం వేసుకున్న విండోస్ మెషీన్‌లో నేనూ ఉంటాను: 32 బిట్‌కి ఎమ్ఎల్, 64 బిట్‌కి ఎమ్ఎల్64 అనే పేర్లతో. అయితే ఎవరో ఒకరు పిలవాలి.

పిలిచింది అవనిగడ్డ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు వెళ్లి, వాళ్ల వైపు లంకలు మునిగాయి. బ్యారేజీకి 70 గేట్లు. గేటుకి 16,300 క్యూసెక్కుల చొప్పున వేసుకుని, లూప్‌తో కూడబోయింది. 11,41,000 రావాలి. డాస్‌లో ఏఎక్స్ రిజిస్టర్ చూపింది 26,888.

కూడిక సరైనదే, చోటే చాలలేదు. ఏఎక్స్ 16 బిట్లది, 65,535 దాటితే పట్టదు. నాలుగు గేట్లకి 65,200 అవుతుంది, ఐదోదానికి పొంగుతుంది. పొంగినప్పుడల్లా క్యారీ ఫ్లాగ్ లేస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే అంత నీరూ లెక్కలోంచి పోయినట్టే. డెబ్బై గేట్లూ అయ్యేసరికి అలా 17 సార్లు పోయింది.

"ఏడీసీ ఆజ్ఞతో ఆ క్యారీని డీఎక్స్ రిజిస్టర్‌లోకి చేర్చుకోవచ్చమ్మా. 64 బిట్‌లోనూ రాసి చూడు" అన్నారు ల్యాబ్ సార్.

"ప్రాజెక్టు మీరే సెట్ చేసిస్తారా సార్?"

"నువ్వే చెయ్. నేను పక్కనే ఉంటాను."

ఆ మాట నాకెంతో నచ్చింది. ఎవరో సిద్ధం చేసిన ప్రాజెక్టులో రన్ నొక్కినవాళ్లకి నేనెక్కడ ఆగుతానో, లింకర్ ఎక్కడ మొదలవుతుందో కనిపించదు.

ఆ అమ్మాయి ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ముందు ఏఎస్ఎమ్ ఫైలు చేర్చింది. బిల్డ్ నొక్కితే నా వరకు ఏమీ రాలేదు. ప్రాజెక్టు మీద రైట్ క్లిక్ చేసి, బిల్డ్ డిపెండెన్సీస్‌లో బిల్డ్ కస్టమైజేషన్స్ తెరిచి, మాస్మ్ దగ్గర టిక్ పెట్టాలి. ఫైలు ముందే చేర్చి ఉంటే దాని ప్రాపర్టీస్‌లో ఐటమ్ టైప్‌ని మైక్రోసాఫ్ట్ మాక్రో అసెంబ్లర్‌గా మార్చాలి. పైన ఎక్స్64 ఎంచుకోవాలి. ఎక్స్86 ఉంటే విజువల్ స్టూడియో ఎమ్ఎల్‌ని పిలుస్తుంది, దానికి ఆర్ఏఎక్స్ అనే రిజిస్టరే తెలియదు.

ఇవన్నీ అయ్యాక నా పని నేను చేసి ఆబ్జెక్ట్ ఫైలు ఇచ్చాను. ఈసారి లింకర్ ఆపింది, ఎంట్రీ పాయింట్ ఏదని. 32 బిట్‌లో చివరి ఎండ్ పక్కన మెయిన్ అని రాస్తే సరిపోతుంది. 64 బిట్‌లో అలా కుదరదు. ఆ అమ్మాయి లింకర్ అడ్వాన్స్‌డ్ పేజీలో ఎంట్రీ పాయింట్ దగ్గర మెయిన్ అని రాసింది. బిల్డ్ అయింది.

లూప్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, రిజిస్టర్ల విండో తెరిచి, ఎఫ్10 నొక్కుతూ వెళ్లింది. ఐదో గేటు దగ్గర వేలు ఆపి చూసింది. ఆర్ఏఎక్స్‌లో హెక్స్‌లో 13ఈ5సీ, అంటే 81,500. ఏ చుక్కా పోలేదు. ఆఖరి గేటు కలిపాక 116908. డాస్‌లో వచ్చింది ఇందులో చివరి నాలుగు అంకెలే, 6908. ముందున్న 11 హెక్స్‌లో పదిహేడు. రెండు జవాబులనూ ల్యాబ్ రికార్డులో ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

ఇప్పుడు గేట్ల లెక్కని సీ ప్లస్ ప్లస్ నుంచి పిలవాలనుకుంటోంది. 64 బిట్‌లో ఆ కంపైలర్ ఇన్‌లైన్ అసెంబ్లీని ఒప్పుకోదు కనుక నాకు వేరే ఫైలు ఇవ్వాల్సిందే. ఒక్కో గేటు నీటి లెక్క రాసిన పట్టిక చిరునామా ఆర్‌సీఎక్స్‌లో, గేట్ల సంఖ్య ఆర్‌డీఎక్స్‌లో వస్తాయి. మొత్తాన్ని ఆర్ఏఎక్స్‌లో తిరిగివ్వాలి.