పదిహేడేళ్ల నాన్నగారు

తమాకి సువోకి పెళ్లి కాలేదు. చదువుతున్నది హైస్కూలు రెండో ఏడు, అంటే మన లెక్కలో ఇంటర్ మొదటి సంవత్సరం. పిల్లలు మాత్రం ముగ్గురు. ఇద్దరు కవల మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ముగ్గురూ ఆయనకంటే ఒక్క క్లాసే కింద. ఇల్లాలి హోదాలో ఉన్న క్యోయా ఓతోరి కళ్లజోడు పెట్టుకున్న మగపిల్లాడు, ఆయన క్లాసే. ఈ నియామకాల్లో ఒక్కటీ అవతలివాళ్లని అడిగి చేసింది కాదు.

'ఔరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్' చూసినవాళ్లకి ఈ నాన్నగారు బాగా తెలుసు. బిస్కో హతోరి 2002లో 'లాలా' పత్రికలో మొదలుపెట్టిన మాంగా అది. 2006లో బోన్స్ స్టూడియో 26 భాగాల యానిమేగా తీసింది. హోస్ట్ క్లబ్ అంటే టోక్యోలోని కబుకిచో లాంటి చోట్ల, వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుని తీయటి కబుర్లు చెప్పి మందు పోసే మగవాళ్ల కొలువు. హతోరి దాన్ని తెచ్చి కోటీశ్వరుల పిల్లలు చదివే బడిలో, వాడకంలో లేని మూడో సంగీత గదిలో పెట్టింది. మందు బదులు టీ, కేకులు. ఆ గదికి రాజు తమాకి. రాజుగా ఉంటే చాలదనిపించి నాన్న కూడా అయ్యాడు.

పెత్తనం కోసం నాన్నలయ్యేవాళ్లు వేరే జాతి. వాళ్లు చెబితే పనులు జరుగుతాయి. తమాకి కూడా చెబుతాడు: ఆ బట్టలు వేసుకోవద్దు, ఆ కుర్రాడితో మాట్లాడొద్దు. కూతురు హరుహి ఎదురు కూడా చెప్పదు, చేతిలో పుస్తకం ఇంకో పేజీ తిప్పుతుంది. కవలలు హికారు, కావోరు పగలబడి నవ్వుతారు. ఫిర్యాదు క్యోయా అమ్మగారి దగ్గరికి వెళుతుంది. అమ్మగారు లెక్కల్లోంచి తలెత్తరు. ఇంకేముంది, నాన్నగారు గది మూలకెళ్లి, అందరికీ వీపు పెట్టి, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంటారు. సత్యభామ అలకకైనా బతిమాలడానికి ఒక కృష్ణుడున్నాడు. ఇక్కడ ఎవరూ రారు. కాసేపటికి తనే లేచి వస్తాడు, కొత్త పథకంతో.

ఇక క్యోయా సంగతి. ఈ సంసారం నడిచేది అతని చేతిమీదే. హరుహి వాడిన పెన్సిల్‌ని కూడా వేలానికి పెట్టి సొమ్ము చేసుకున్న ఘనుడు. క్లబ్బులో రూపాయి, కాదు, యెన్ ఎటు కదిలినా అతనికి తెలుస్తుంది. నాన్నది ప్రసంగం, అమ్మది ఖజానా. ఈ ఒక్క విషయంలో తమాకి కట్టిన కుటుంబం అచ్చం అసలు కుటుంబమే.

కూతురు దొరికిన తీరు కూడా చెప్పుకోవాలి. హరుహి ఫుజియోక స్కాలర్‌షిప్ మీద చదువుకునే పిల్ల. లైబ్రరీల్లో గోల భరించలేక నిశ్శబ్దమైన చోటు వెతుక్కుంటూ ఆ గది తలుపు తీసి, 80 లక్షల యెన్‌ల పూలకూజా ఒకటి పగలగొట్టింది. జుట్టు కత్తిరించి ఉంది, కళ్లద్దాలు, వదులు స్వెట్టరు. మగపిల్లాడే అనుకుని, బాకీ తీరేదాకా హోస్టుగా పనిచెయ్యమన్నారు. ఆమె ఆడపిల్లని క్లబ్బులో ఒక్కొక్కరే కనిపెట్టేశారు. అందరికంటే ఆఖరున తెలిసింది నాన్నగారికి. తండ్రులకి ఇది మామూలే.

తమాషా ఏమిటంటే ఈ పిల్లలెవరూ అనాథలు కారు. కవలల తల్లి పేరున్న ఫ్యాషన్ డిజైనర్. హరుహికి తల్లి పోయింది కాని తండ్రి ఉన్నాడు. ఆయన రాంకా, ఆడవేషంలో బార్‌లో పనిచేస్తాడు, కూతురంటే ప్రాణం. క్లబ్బంతా ఒకరోజు వాళ్ల చిన్న ఇంటికి వెళ్లింది. ఇల్లు ఇరుకని నోరు జారొద్దని తమాకి ముందే అందరికీ పాఠం చెప్పి తీసుకెళ్లాడు. తీరా రాంకా తలుపు తీసే వేళకి, కాలు జారి హరుహి మీద పడి ఉన్నది తమాకీయే. అసలు నాన్న, కొసరు నాన్న మొదటిసారి కలుసుకున్న భంగిమ అది. పైగా క్యోయా ఆ సరికే రాంకాకి ఫోన్లు చేసి కూతురి కబుర్లు ఎప్పటికప్పుడు చేరవేస్తున్నాడు. వియ్యాలవారి మర్యాదలన్నీ అమ్మగారికే దక్కాయి.

పాపం, నిజంగా నాన్నలా ప్రవర్తించిన రోజున కూడా ఆయనకి పేరు రాలేదు. సముద్రపు ఒడ్డున అల్లరిమూక ఒకటి ఆడపిల్లలని వేధిస్తుంటే హరుహి ఒక్కతే అడ్డం వెళ్లింది. వాళ్లు ఆమెని కొండమీంచి నీళ్లలోకి తోసేశారు. తమాకి వెనకే దూకి బయటికి తెచ్చాడు, తర్వాత కోప్పడ్డాడు. తను చేసిన తప్పేమిటో ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇద్దరికీ మాటల్లేవు. ఆ రాత్రి ఉరుములు. ఉరిమితే హరుహికి ప్రాణాలు పోతాయి. తండ్రి రాత్రి డ్యూటీలకి పోయే ఇంట్లో చిన్నప్పటినుంచీ ఒంటరిగా దాక్కోవడమే అలవాటు. అప్పుడు కూడా అల్మరాలో దూరింది. సాయం అడగాలనే ఆలోచనే రాని పిల్లని చూసి తమాకి కోపం చల్లారింది. మెరుపు కనబడకుండా కళ్లకి గంతలు కట్టాడు, ఉరుము వినబడకుండా చెవులు మూశాడు. సరిగ్గా అప్పుడే మిగతావాళ్లు గదిలోకొచ్చి, కళ్లగంతలు చూసి, అనుకోకూడనిదంతా అనుకున్నారు.

మొత్తం సిరీస్‌లో నాకిష్టమైన ఘట్టం ఇదే.

ఈ గదిలో ఇల్లు లేనివాడెవడైనా ఉంటే అది ఈ నాన్నగారే. తల్లి ఫ్రెంచి, తండ్రి జపనీయుడు. తల్లివైపు వ్యాపారం దివాలా తీసినప్పుడు నాయనమ్మ ఆదుకుంటానంది, ఒక షరతు మీద: మనవడు జపాన్ రావాలి, తల్లిని మళ్లీ చూడకూడదు. పద్నాలుగేళ్ల వాడు ఒప్పుకుని వచ్చాడు. వస్తే అసలు భవంతిలోకి రానివ్వలేదు, రెండో భవంతిలో నౌకర్లతో ఉంచింది. అతను జపాన్‌లో వెతికింది కొతాత్సు కోసం. కింద హీటరు, పైన బొంత ఉన్న పొట్టి బల్ల అది. చలికాలంలో ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటారు. బల్ల కోసం క్యోయాని ఎంత వేధించాడో! ఇంటిల్లిపాది సంగతి మాత్రం తనే చూసుకున్నాడు.

పిల్లలు మాట వినరు సరే, మరి వదిలి ఎందుకు పోరు? తమాకికి ఒకటి తెలుసు: ఎదుటివాడు పైకి చెప్పుకోలేని కోరిక ఏమిటో. క్లబ్బులోనే ఉన్న హనీ మార్షల్ ఆర్ట్స్ వంశానికి వారసుడు, అతనికి బొమ్మలూ కేకులూ ఇష్టం, దాచుకుని బతికేవాడు. దాచుకోవద్దన్నది తమాకి. మూడో కొడుకుని, ఆస్తి దక్కదు అని రాజీపడిన క్యోయాని, ఎందుకు రాజీపడతావని రెచ్చగొట్టింది కూడా అతనే.

యానిమే 2006లోనే ముగిసింది. మాంగా 2010 దాకా, 18 సంపుటాలు సాగింది. వేరే కుర్రాళ్లు హరుహి దగ్గరికొస్తే తనకి మండేది పితృవాత్సల్యం వల్ల కాదని నాన్నగారికి అందులో ఎట్టకేలకు తెలిసింది. పాఠకులకి ఏళ్లక్రితమే తెలుసు. పదవికి రాజీనామా ఇచ్చి ప్రేమికుడిగా చేరాడు. తర్వాత హరుహి చదువుకోసం బోస్టన్ బయల్దేరింది. ఒక్కర్తే వెళ్లేదే, కాని క్లబ్బులో మిగతా ఆరుగురూ ఆమె పక్క ఇంట్లో దిగిపోయారు. అద్దె బేరం క్యోయాయే ఆడి ఉంటాడు.