ఇంకో గ్లాసు మావయ్య

పెదవేగిలో మా మావయ్య ఇంటికి వెళ్లేవాళ్లు ఏలూరులో టీ తాగకూడదు. దార్లో కొబ్బరిబొండం అసలే తాగకూడదు. పొట్టలో చోటు ఉంచుకోకుండా వెళ్తే ఆ ఇంట్లో నెగ్గుకురావడం కష్టం. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపల్నుంచి గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు వినిపిస్తుంది. మనం వస్తున్నట్టు ఆయనకేం ముందుగా తెలియదు. ఆ చెంచా పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది.

ఈ బాపతు పెద్దమనుషులు మా వైపు వీధికొకరైనా తగులుతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే తెప్పించుకుంటారు. రిటైరయ్యాక పొద్దుపోక వంటింట్లో అడుగు పెడతారు. అన్నం కూరల జోలికి వెళ్లే ధైర్యం చాలదు గనక గ్లాసుల శాఖ పుచ్చుకుంటారు. సహకార సంఘంలో లెక్కలు రాసి రాసి ఇంటికొచ్చిన మా మావయ్యా అంతే. ఆయన వచ్చాక ఫ్రిజ్ మీద మా అత్తయ్యకి హక్కు పోయింది. ఓ పాలగిన్నె, ఓ కొత్తిమీర కట్ట మినహా ఉన్నవన్నీ ఆయన సీసాలే.

సుగంధి వేళ్లు కడిగి, ఎండబెట్టి, దంచి, రాత్రంతా నానబెట్టి తీసిన పాకం ఒకప్పుడు బ్రాందీ సీసాలో ఉండేది. మావయ్య చుక్క ముట్టరు, సీసా పొలంగట్టున దొరికిందంటారు. 1995లో మద్యనిషేధం వచ్చాక గట్ల మీద సీసాలు కరువయ్యాయనీ, 1997లో సడలించాక మళ్లీ పుష్కలంగా దొరికాయనీ ఆయన లెక్క. ఆయనకి ఆ చట్టం గురించి తెలిసింది అంతే. ఓ సాయంత్రం చీకటిపడే వేళ ఆ సీసా బల్ల మీదికొచ్చింది. నల్లగా నిగనిగలాడే ఆ సరుకు చూసి వియ్యంకుడిగారి ముఖంలో కళ వచ్చింది. తనే లేచి తలుపు దగ్గరగా వేసొచ్చారు. తీరా మావయ్య అందులో నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు ఓ చెంచాడు వేసి, "ఒంటికి చలవండీ బావగారూ" అనేసరికి ఆయనే లేచి తలుపు బార్లా తీశారు. ఆ తర్వాత సుగంధి హార్లిక్స్ సీసాలోకి మారింది.

నిమ్మకాయ దగ్గర మాత్రం మావయ్యని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. ఎండాకాలం ఏలూరు నిమ్మ మార్కెట్లో రేటు కొండెక్కుతుంది. అప్పుడాయన మజ్జిగతో సరిపెట్టుకుంటారు. ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టదని రైతులు తలపట్టుకున్నప్పుడు గోతాం తెప్పించి పనిలోకి దిగుతారు. కాయని గచ్చు మీద అరచేత్తో దొర్లిస్తారు. మెత్తబడ్డాక అడ్డంగానే కోస్తారు. గింజ ఒక్కటి జారినా వేలు పెట్టి తీసేదాకా ఊరుకోరు. తొక్కలో ఆఖరి బొట్టు పిండబోతే చెయ్యి పట్టుకుంటారు. "చేదు ఇప్పుడు తెలీదురా అల్లుడూ, ఊరిన కొద్దీ బయటపడుద్ది, చుట్టరికం లాగ," అంటారు. ఆ మాట అనేటప్పుడు అత్తయ్య వైపు చూడరు. పంచదార కరిగి ఓ పొంగు రాగానే దించెయ్యాలి, తీగపాకం వచ్చిందా ఫ్రిజ్‌లో కలకండ కట్టి కూర్చుంటుంది. చల్లారాకే రసం కలపాలి. ఆపైన చిటికెడు ఉప్పు, నలిపిన నిమ్మాకు ఒకటి. ఆ గ్లాసు నిజంగా బాగుంటుంది. బాగుందని అంటే వచ్చే ప్రమాదం ఇంకో గ్లాసు.

ఊరి చరిత్ర కూడా ఆయన గ్లాసులో కలిసిపోయింది. పెదవేగి అంటే ఒకనాటి వేంగి కదా, శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన చోటు కదా. అందుకని అల్లం, పచ్చిమిరప, దబ్బాకు దంచి వేసిన మజ్జిగకి 'వేంగి రాజుల మజ్జిగ' అని పేరు పెట్టారు. ఓసారి చరిత్ర మాస్టారొకరు దొరికారు. వేంగి చాళుక్యుల వంశం 1070లో చోళులతో కలిసిపోయిందనీ, పోర్చుగీసువాళ్లు మనదేశానికి మిరపకాయ తెచ్చేటప్పటికి ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లు పైనే గడిచాయనీ గ్లాసు పట్టుకునే చెప్పారు. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటినుంచి మిరియాలు పడ్డాయి, పేరు 'అసలు వేంగి రాజుల మజ్జిగ' అయింది.

కొబ్బరితోటల్లో కోకో వచ్చాక దాన్నీ వదల్లేదు. గింజ చుట్టూ ఉండే తెల్లటి తియ్యపులుపు గుజ్జుని నీళ్లలో పిసికి ఇచ్చారు. చాక్లెట్ రుచి వస్తుందని చప్పరించిన పిల్లలు ఈయన్ని ఇప్పటికీ నమ్మరు.

శ్రీరామనవమి పానకం కథ వేరు. మిగిలింది పారబోయడం పాపమని బిరడా బిగించి అటక మీద పెట్టారు. బెల్లం నీళ్లు, ఎండలు, మూసిన మూత. రెండో రాత్రి ఢామ్మన్న మోతకి వీధి వీధంతా లేచింది. ఇంటి దూలాలనిండా మిరియాలు, యాలకులు, తెల్లారేసరికి చీమలు. చుక్క ముట్టని మనిషి ఇంట్లో రాములవారి ప్రసాదం తనంతట తనే పులిసి సారా దారి పట్టిందని అత్తయ్య ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

కొల్లేటి లంకనుంచి చుట్టాలు థర్మాకోల్ పెట్టెలో చేపలు తెస్తారు. ఐసు కరిగేలోగా ఇంకో ఇంటికి కూడా చేర్చాలని వాళ్ల తొందర. మావయ్య మూడు గ్లాసులు వరసగా పెట్టి ఏది బాగుందో తేల్చమంటారు. పెట్టె కింద నీళ్లు కారుతుంటాయి. "అయితే ఆ ఐసు కుసింత మిగిలిందేంటి?" అంటూ పెట్టె వైపు చూస్తారు. అత్తయ్య చటుక్కున పెట్టె మీద కూర్చుంటుంది.

అసలు సంగతి ఏమిటంటే ఆయనకి షుగరు. తను కలిపిన షర్బత్తు చెంచాడు కూడా నోట్లో వేసుకోవడానికి లేదు, అత్తయ్య కాపలా అలాంటిది. అందుకే ఆయనకి ఊరందరి నాలుకలూ కావాలి. మనం తాగుతుంటే గ్లాసు చూడరు, మన గొంతు కదిలే చోటు చూస్తారు. "బాగుందండి" అంటే తృప్తి లేదు. "ఎలా బాగుంది? పులుపు ముందొచ్చిందా, తీపి ముందొచ్చిందా?" అని పాత లెడ్జరు తెరుస్తారు. మాకూ షుగరండీ అని తప్పించుకోబోయిన వాళ్లకి మజ్జిగ సిద్ధం. రొంప అంటే శొంఠి కాఫీ. ఉపవాసం అంటే, ఏ ఉపవాసానికి నిమ్మరసం పనికొస్తుందో పంచాంగం చూసి మరీ చెబుతారు.

గ్యాసు బండ కుర్రాడు గేటు దగ్గరే దింపి పారిపోతున్నాడు. నిలబడి తాగేది ఇప్పుడు కరెంటు మీటరు చూసే అబ్బాయి ఒక్కడే. మొన్న బిల్లు చింపి చేతికిచ్చి, గ్లాసు ఖాళీ చేసి, కాసేపు నోరు చప్పరించి చెప్పాడు:

"పోయిన నెల మీద పులుపు రెండు యూనిట్లు పెరిగిందండి."

మావయ్య తారీఖు వేసి రాసుకున్నారు.