ఓడ మునిగిందా, తాత దూకాడా?

మా వంశంలో ఓడ మునిగినా బతికి బయటపడ్డ సిపాయి ఒకాయన ఉన్నాడు. ఉన్నాడని మేమంటాం. పెళ్లి సంబంధాల దగ్గర అవతలివాళ్లు అమెరికా అల్లుళ్లను ఏకరువు పెడితే మావాళ్లు సిపాయి తాతను దించుతారు. చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చి, ఆ ఈతతోనే సముద్రం దాటిన మనిషి. అసలు మాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వచ్చి కలిసినందువల్ల తిరుపతి జిల్లాకైతే తీరం దక్కింది. చిత్తూరు వాటాలో మిగిలిన మా ఊరికి ఇప్పటికీ నీవానదే గతి, అదీ అందులో నీళ్లుంటే.

ఏ ఓడ, ఎక్కడ, ఎప్పుడు అని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. నేను అడిగాను. ఉద్యోగం నుంచి రిటైరై తిరుపతిలో ఖాళీగా ఉన్నవాడు ఇంకేం చేస్తాడు?

"రంగం పోతా ఉంటే మునిగిందంట" అంది మేనత్త. రంగమంటే రంగూన్.

"రంగమూ కాదు, గింగమూ కాదు. ఎండెన్ కొట్టింది" అన్నాడు చిన్నాయన.

ఎండెన్ సంగతి తెలిసిందే. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక. కానీ దాని కెప్టెన్ ముల్లర్ పెద్దమనిషి. సరుకు ఓడను పట్టుకుంటే ముందు మనుషుల్ని మర్యాదగా దించి, తర్వాతే ముంచేవాడు. అట్లాంటివాడి చేతిలో పడితే మా తాతకు ఈత అవసరమే ఉండదు.

పాత పుస్తకాలు తిరగేస్తే 1840లో ఇంకో ఓడ తగిలింది. నల్లమందు యుద్ధానికి చైనా వెళుతూ, మద్రాసు 37వ పటాలం సిపాయిలతో సహా తుఫానులో గల్లంతైంది. దాని పేరు గోల్కొండ. చిన్నాయనకు చెబితే ఎగాదిగా చూశాడు.

"గోల్కొండ హైదరాబాదులో కదరా ఉండాది? ఆడ సముద్రం యాడిది?"

అందులో ఒక్కడూ మిగల్లేదు కాబట్టి మావాడు కాడని దాన్నీ వదిలేశాను.

చచ్చినవాళ్లను వెతకడం మాత్రం చాలా తేలిక. బర్మాలో తౌక్యాన్ శ్మశానంలో దాదాపు 27,000 పేర్లు రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. సముద్రంలో పోయిన నావికులకు బొంబాయిలో, చిట్టగాంగ్‌లో వేరే జాబితాలున్నాయి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పేరు కొడితే చాలు. తాత పేరు మునుస్వామి అని కొడితే ఇంగ్లీషు దొరలు తలా ఒక తీరుగా రాసిన మునుస్వాములు క్యూ కట్టారు. ఒక్కొక్కరినీ చూసి, మనవాడు కాదులే అని ఊపిరి పీల్చుకోవడం, ఆ వెంటనే అయ్యో కాదే అని నీరుగారిపోవడం. బతికి ఇంటికొచ్చి, ఎద్దుల్ని కొనుక్కుని, ఆరుగురు పిల్లల్ని కన్నవాడి పేరు ఏ రాయి మీదా ఉండదు. పంజాబువాళ్ల అదృష్టం వేరు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన 3,20,000 మంది వివరాలున్న రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో బయటపడితే 2021లో కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. మా మునుస్వాములకు ఆ యోగం లేదు.

ఇక మిగిలింది తాతకిచ్చిన మెడల్. మొదటి ప్రపంచ యుద్ధం మెడల్ అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఇచ్చేవారు. పోరాడిన సిపాయికైతే వెండిది, కూలి దళాలకు కంచుది.

"మనది వెండిదే" అన్నాడు చిన్నాయన గర్వంగా.

"ఎట్ల తెలుసు?"

"కరిగించి నాకు మొలతాడు చేయించినారు కదా!"

ఆ విధంగా మా వంశ చరిత్ర మొత్తం రెండేళ్లపాటు చిన్నాయన నడుం చుట్టూ తిరిగి, మూడో ఏట చెరువులో జారిపోయింది. మునిగిందని ఖాయంగా తేలింది అదొక్కటే.

అయినా ఒక మేలు జరిగింది. వెండి కాబట్టి మొదటి యుద్ధం, అందులోనూ తుపాకి పట్టిన సిపాయి. అప్పుడు మేనత్త ఇంకో ముక్క జారవిడిచింది. సిపాయి తాత మామిడి తోపులో తేనెపట్టు కనబడితే ఆ చెట్టు కాయలు కోయనిచ్చేవాడు కాదట. పొగపెట్టి పట్టు కోసుకుంటామని ఎవరైనా వస్తే కట్టె తీసుకుని తరిమేవాడట. "నీళ్లలోకి దూకినా వదల్లేదంట అవి" అంది. ఈ ముక్కను కోతల కింద జమకట్టి ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

తీరా చూస్తే కోత కానిది అదే. 1914 నవంబరులో ఇప్పటి టాంజానియాలోని టాంగా రేవు మీదికి బొంబాయి నుంచి దాదాపు 8,000 మంది దండు వెళ్లింది. అందులో మద్రాసు పటాలాలు రెండు: 63వ పాలంకోట, 61వ పయనీర్లు. అవతల జర్మన్ల బలం వెయ్యికి అటూ ఇటూ. వారాల తరబడి ఓడల్లో వాంతులు చేసుకుని దిగినవాళ్లు అడవిలో నడుస్తుంటే, తూటాల దెబ్బకు చెట్ల మీది తేనెటీగలు లేచాయి. కుట్టడంలో అవి జర్మన్లనీ, మనవాళ్లనీ తేడా చూడలేదు. అయినా జర్మన్లే వాటిని ఉసిగొల్పారని పుకారు పుట్టింది. పాలంకోటవాళ్లు చెల్లాచెదురయ్యారు. నవంబరు 5న తుపాకులు, మందుగుండు తీరంలోనే పారేసి అందరూ సముద్రంలోకి దిగి పడవలెక్కి ఓడలు చేరారు. ఓడల్లో ఒక్కటీ మునగలేదు.

నా ఊహ చెప్పాను. తాత ఓడ నుంచి సముద్రంలో పడలేదు, తేనెటీగల నుంచి సముద్రంలోకి పరిగెత్తాడు.

"ఓడ మునగకపోతే కొండకు నడిచిపోయి గుండెందుకు కొట్టించుకున్నాడు? ఆపద మొక్కులవాడికి ఊరికే మొక్కుతారా?" మేనత్త పట్టుబట్టింది.

"తలనిండా ముళ్లు దిగితే తీయడానికైనా గుండు కొట్టాల్సిందే కదత్తా."

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. మనవడికి సంబంధం చూస్తున్నాడు, వచ్చే వారం వాళ్లు వస్తున్నారు. ఈగలకు జడిసి పరిగెత్తినాడని అందరి ముందూ ఎట్లా చెప్పేది? చివరికి తీర్పు ఇచ్చేశాడు.

"సరే రా అబ్బోడా. తేనెటీగలు ఓడలోకి వచ్చినాయి. అందరూ ఒకే పక్కకు ఉరికినారు. అందుకే మునిగింది."