జిమ్ముకూ స్నూకరుకూ పొత్తు కుదరదన్న పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
జిమ్ము జేసి వచ్చి చేతిలో క్యూ పట్ట
బలిమి మిగులు, నెఱ్ఱ బంతి దప్పు;
అన్నముడిగినట్టి యాటగానికి రాత్రి
పసుపు బంతి దోచుఁ బాలకోవ.

అవతారిక: స్నూకరు నియమాలను 1882లో ఊటీ క్లబ్బులో రాసిపెట్టారంటారు. ఆట కొండ దిగి మైదానానికొచ్చింది. తమిళనాడులో శ్రీవిల్లిపుత్తూరు దగ్గరి వత్రాప్ వైపు తెలుగింటి కుర్రాడొకడు సాయంత్రం జిమ్ము, రాత్రి స్నూకరు, రోజంతా డైటు పెట్టుకుని, పందెం ఓడి, ఇంటిదారిలో అన్న మాటలివి.

ప్రతిపదార్థం: జిమ్ము జేసి వచ్చి = బెంచ్ ప్రెస్ ముగించి, చెమట ఆరకముందే వచ్చి; చేతిలో క్యూ పట్టన్ = ఆటకర్ర పట్టి ఆటకు దిగగా; బలిమి మిగులున్ = బలం ఖర్చుకాక ఒంట్లోనే ఉండిపోతుంది; ఎఱ్ఱ బంతి దప్పున్ = ఒక్క పాయింటు బంతి సైతం పాకెట్లో పడదు; అన్నముడిగినట్టి = 'కార్బ్స్ కట్' అని కంచం తోసేసిన; ఆటగానికి రాత్రి పసుపు బంతి = రెండు పాయింట్ల బంతి; పాలకోవ దోచున్ = శ్రీవిల్లిపుత్తూరు సరుకులా కనబడుతుంది.

వ్యాఖ్య: పూర్వార్ధంలో విశేషోక్తి. బలమనే కారణముంది, పాట్, అంటే బంతి పాకెట్లో పడడమనే కార్యం లేదు. ఎందుకంటే, ఈ ఆటలో భుజం నుంచి మోచేతి దాకా కదలకూడదు. కింది భాగమే ఊగాలి. క్యూ గడ్డాన్నీ ఛాతీనీ రాసుకుంటూ తిన్నగా పోవాలి. బరువులెత్తి అలిసిన కండ సన్నగా వణుకుతుంది. పన్నెండడుగుల బల్లమీద ఆ వణుకు చాలు, బంతి పాకెట్ అంచు తాకి వెనక్కొస్తుంది. ఛాతీ పెరిగితే క్యూ దారీ మారుతుంది. పాత గురి కొత్త ఒంటికి సరిపడదు.

పూర్వపక్షం: అయితే కసరత్తే వద్దా?

సమాధానం: కాదు. ఏడుసార్లు ప్రపంచ చాంపియనైన రోనీ ఓసల్లివన్ పరుగు పిచ్చి మీద 2013లో పుస్తకమే వేశాడు. ప్రపంచ ఫైనల్‌లో 18 ఫ్రేములు గెలిచేదాకా, రెండు రోజులు ఆడాలి. అంతసేపు వంగి లేవాలంటే నడుమూ తొడలూ గట్టివై ఉండాలి. కొట్టేటప్పుడు ఒక కాలైనా నేలనానాలి గనక, దూరపు బంతికి కండకన్నా సాగే ఒళ్లే దిక్కు. కవి తప్పుపట్టింది జిమ్మును కాదు, జిమ్ము వేళను.

శంక: వణుకు ఆపే మాత్ర మింగితే? అలాంటి బీటా బ్లాకర్లు ఈ ఆట పోటీల్లో నిషిద్ధం. జిమ్ముకు ముందు తాగే కెఫీన్ పొడి నిషిద్ధం కాదు గాని, ఉన్న వణుకును పెంచుతుంది.

ఉత్తరార్ధంలో భ్రాంతిమదలంకారం, బంతిని కోవ అనుకోవడం. పిండిపదార్థం మరీ తగ్గితే ఒంట్లో చక్కెర పడి, చేయి తడబడి, ధ్యాస చెదరవచ్చు. కవి కళ్ల సంగతి చెప్పాడే గాని కడుపు మాటెత్తలేదు, ఆకలి ధ్వని. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన శ్రీవిల్లిపుత్తూరు పాలకోవతో పోల్చడం కవి దేశాభిమానం. కోవిల్‌పట్టి వ్యాఖ్యాతలు పట్టుబట్టి, గోధుమరంగు బంతి తమ ఊరి కడలమిఠాయిలా, అంటే పల్లీపట్టీలా తోచిందని పాఠం దిద్దారు. దానితో ఛందస్సు చెడింది గాని ఆకలి చెడలేదు.

తాత్పర్యం: ముందు ఆట, తర్వాత జిమ్ము. పందెం ఉన్ననాడు ఛాతీకి సెలవు, కంచానికి అన్నం. ఇంత చేసీ ఓడితే, తప్పు క్యూదని చెప్పుకోవచ్చు.