సైక్లిక్ ఏఎంపీ గారికి ఒక ఫస్టియర్ బహిరంగ లేఖ

మహారాజశ్రీ సైక్లిక్ ఏఎంపీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరి కుశలానికి ఢోకా లేదని తెలుసు. ఫిజియాలజీ పేపర్లోనూ, బయోకెమిస్ట్రీ పేపర్లోనూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. యూనివర్సిటీ పరీక్షలు దగ్గరపడ్డ ఎంబీబీఎస్ ఫస్టియర్ పిల్ల కుశలం మాత్రం అడక్కండి.

కణం లోపల హార్మోన్ల కబుర్లు మోసే తమరు కష్టమైన పాఠమని కాదు నా ఫిర్యాదు. అనాటమీలో బ్రేకియల్ ప్లెక్సస్ అనే నరాల అల్లిక అంతకన్నా కష్టం. కానీ దానికో మర్యాద ఉంది, ఒకసారి పట్టుబడిందంటే ఇక మాట మార్చదు. తమరు అలా కాదు, అవయవానికో మాట. గుండెలో పెరిగితే కండరం గట్టిగా బిగుస్తుంది. శ్వాసనాళాల్లో పెరిగితే కండరం సడలిపోతుంది. కాలేయంలో గ్లైకోజెన్ విరుగుతుంది, కొవ్వు కణంలో కొవ్వు కరుగుతుంది. కిడ్నీలో వాసోప్రెసిన్ పంపిందంటూ వచ్చి, ఆక్వాపోరిన్-2 అనే నీటి చానల్‌ను కణం పైపొరకు చేర్పించి నీళ్లు వెనక్కి లాగిస్తారు. చిన్నపేగులో హద్దు మీరితే అవే నీళ్లు బయటికి పారబోయిస్తారు. దాచేదీ తమరే, ఒలకబోసేదీ తమరే!

ఇందుకు సీనియర్లు చెప్పే మందు పట్టిక, ఏ రిసెప్టర్‌కు ఏ జీ-ప్రొటీన్ అని. ఆల్ఫా-1 జీక్యూ, ఆల్ఫా-2 జీఐ, బీటా-1, బీటా-2 రెండూ జీఎస్, ఎం-2 జీఐ, ఎం-3 జీక్యూ... ఇలా డోపమైన్, హిస్టమిన్ దాకా. జీఎస్ అయితే తమరు పెరుగుతారు, జీఐ అయితే తగ్గుతారు, జీక్యూ అయితే పని ఐపీ3, డీఏజీ, క్యాల్షియం చూసుకుంటాయి. ఇదంతా గుర్తుండడానికి అమెరికా పిల్లలు కట్టుకున్న వాక్యం ఒకటి మా హాస్టల్లోనూ తిరుగుతోంది గానీ, అది ఇంట్లో పైకి చదువుకోదగ్గది కాదు. ఒక మార్కు ప్రశ్నకు పట్టిక సరిపోతుంది. వైవాలో మాత్రం ఎగ్జామినర్ తాపీగా "బీటా-1, బీటా-2 రెండూ జీఎస్సే కదమ్మా, మరి ఒకటి బిగించి ఇంకోటి సడలించడమేంటి?" అంటారు. దానికి జవాబు ఏ గడిలోనూ ఉండదు.

జవాబు తమరిలోనూ లేదు. నాకు అసలు ఒళ్లు మండింది అక్కడే. తమరు చేసే పని చాలా కొంచెం. నాలుగు అణువులుగా వెళ్లి ప్రొటీన్ కైనేజ్-ఏను పట్టుకుంటారు, దాని పగ్గాలు ఊడి పనిచేసే భాగాలు విడుదలవుతాయి. తర్వాతదంతా ఆ కణంలో కైనేజ్‌కు ఎవరు దొరికితే వాళ్ల పుణ్యం. గుండె కణంలో ఎల్-టైప్ క్యాల్షియం చానళ్లు, ఫాస్ఫోలాంబాన్ దొరుకుతాయి. వాటికి ఫాస్ఫేటు తగిలించగానే క్యాల్షియం ఎక్కువగా వస్తుంది, తిరిగి గోడౌన్లోకి త్వరగానూ పోతుంది. అందుకే గుండె గట్టిగా కొట్టుకోవడమే కాదు, వెంటనే వదులవుతుంది కూడా. శ్వాసనాళంలో మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ దొరుకుతుంది. ఫాస్ఫేటు తగిలాక దాని జోరు తగ్గిపోతుంది, కండరం సడలుతుంది. ఆయాసం వచ్చినవాళ్లు పీల్చే సాల్బ్యుటమాల్ చేయించే పని ఇదే. ఒకే కరెంటు ఫ్రిజ్‌ను చల్లబరిచి గీజర్‌ను కాగబెట్టినట్టు. పట్టికలేమో ప్లగ్గు ఆకారం దగ్గరే ఆగిపోతాయి.

దీనికితోడు రెండు డిపార్ట్‌మెంట్ల పంచాయితీ. బయోకెమిస్ట్రీ క్లాసులో తమరు కాలేయంలో ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌ను లేపి గ్లైకోజెన్ విరిచే పెద్దమనిషి. ఫిజియాలజీ క్లాసులో గుండె వేగం పెంచే పెద్దమనిషి. ఇద్దరూ ఒకరేనని ఏ క్లాసులోనూ పరిచయం చెయ్యరు. సబ్జెక్టులను కలిపి చెప్పమనే కొత్త కరికులం 2019లోనే వచ్చింది. మా టైంటేబుల్లో మాత్రం తమరికి రెండు వేర్వేరు పీరియడ్లు, నడుమ అనాటమీ డిసెక్షన్.

విచిత్రమేమిటంటే తమరు పుట్టిందే కాలేయపు ముద్దలోంచి. అడ్రినలిన్ తగిలితే కాలేయం చక్కెరను వదులుతుంది, ఆ కబురు లోపలికి ఎలా చేరుతోందని క్లీవ్‌లాండ్‌లో ఎర్ల్ సదర్లాండ్ వెతుకుతున్నాడు. కాలేయాన్ని నూరి పొరల ముక్కలను తీసేస్తే హార్మోన్ పనిచెయ్యలేదు. ఆ ముక్కలకు విడిగా హార్మోన్‌ను, ఏటీపీని ఇచ్చి, ఆ రసాన్ని బాగా వేడిచేసి, పొరల్లేని భాగానికి కలిపితే పనిచేసింది. ప్రొటీన్లన్నీ చెడిపోయేంత వేడికి కూడా చెక్కుచెదరని చిన్న అణువేదో కబురు మోస్తోందని తేలింది. అది తమరే. సదర్లాండ్, థియోడర్ రాల్ ఈ సంగతి 1957, 58లలో ప్రకటించారు. నాలుగు పేజీల పట్టిక కన్నా ఈ ఒక్క ప్రయోగం నాకు ఎక్కువ చెప్పింది. హార్మోన్ గుమ్మం దాటదు, పైపొర దగ్గరే కబురు చేతులు మారుతుంది. పట్టిక ఈ మాటతో మొదలవ్వాలి, మొదలవ్వదు.

తమరి వంశం గురించి కూడా ఒక మాట. తమరు ఏటీపీ సంతానం. అడెనిలిల్ సైక్లేజ్ అనే ఎంజైము ఏటీపీ నుంచి రెండు ఫాస్ఫేట్లు తుంచి, మిగిలినదాన్ని ఉంగరంలా చుడితే తమరు. ఆ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో సైరస్ ఫిస్కేతోపాటు మా భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఫాస్ఫరస్ కొలవడానికి ప్రాక్టికల్స్‌లో నేర్పే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఆ జంటదే. ఆ లెక్కన తమరు నాకు మేనమామ వైపు బంధువు కావాలి. ఈ వేధింపులు అందుకేనేమో.

ఇక తమరి మీద అసలైన నేరారోపణ. 1971లో సదర్లాండ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు తూర్పు పాకిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శిబిరంలో కలరాతో ప్రాణాలు వదులుతున్నారు. ఒకచోట తమరికి సన్మానం, ఒకచోట తమరి విధ్వంసం. కలరా క్రిమి పేగులోకి వదిలే విషాన్ని 1959లోనే కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల్లో నిరూపించారు. ఆ విషం జీఎస్ ప్రొటీన్‌ను ఆరిపోనివ్వదు. మామూలుగా జీఎస్ తన దగ్గరున్న జీటీపీని తానే విరుచుకుని ఆగిపోతుంది, ఆ తెలివే దానికి పోతుంది. తమరు అదుపు లేకుండా పెరుగుతారు, క్లోరైడ్ చానళ్లు తెరుచుకుంటాయి, వెనకాలే సోడియం, నీళ్లు. బియ్యం కడుగులా విరేచనాలు.

అయితే అదే పేగులో తమరి ఆటలు సాగని దారి ఒకటుంది. గ్లూకోజును సోడియంతో జంటగా లోపలికి లాగే వాహకం కలరాలోనూ పనిచేస్తూనే ఉంటుంది. సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే బంగావ్‌లో దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించింది. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఇవాళ మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్న లెక్క ఇదే. కలరా దగ్గర్నుంచి మొదలుపెడితే జీఎస్, జీటీపీ, సైక్లేజ్, చానల్ అన్నీ వాటంతటవే వరుసలో నిలబడ్డాయి. కోరింతదగ్గు విషం జీఐను మూగబోయేలా చేసి, అంటే బ్రేకు పీకేసి, తమరిని పెంచుతుందన్నది కూడా ఆ పక్కనే చేరింది. వీటికి నాకు పట్టిక అక్కర్లేకపోయింది.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. పరీక్షలో ఏ రూపంలో వచ్చినా, ఏ కణంలోంచి వస్తున్నారో ముందు చెప్పి రండి. రిసెప్టర్ పేరు ఒక్కటే పట్టుకుని వస్తే మాత్రం నేను గుర్తుపట్టను. తమరి తమ్ముడు సైక్లిక్ జీఎంపీ మీద, నైట్రిక్ ఆక్సైడ్‌తో వాడి స్నేహం మీద ఫిర్యాదు వేరే కవర్లో పంపుతాను.

ఇట్లు,
విధేయురాలు,
ఒక ఫస్టియర్

తా.క.: అర్ధరాత్రి చదువులకు మేం తాగే కాఫీ ఘనత తమరిదేనని కొందరంటున్నారు. కెఫీన్ తమరిని విరిచే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను ఆపుతుందన్నది నిజమే గానీ, కప్పులో ఉండే మోతాదుకు అంత బలం లేదు. అది ముఖ్యంగా అడెనోసిన్ రిసెప్టర్లకు అడ్డుపడి నిద్ర ఆపుతుంది. ఆ రిసెప్టర్లేవో చూద్దామని పుస్తకం తెరిస్తే ఏ-1 జీఐ, ఏ-2ఏ జీఎస్ అని ఉంది. పట్టికలో ఇంకో రెండు వరుసలు గీయాల్సి వచ్చింది.